బహుళ నిర్వహణ వ్యవస్థలపై ఓపెన్ సోర్స్ సర్వరు సాఫ్టువేరు - పోషణ వ్యయం

ఓపెన్ సోర్స్ సర్వరు సాఫ్టువేరు అనగా సోర్సు కోడు అందరికీ అందుబాటులో ఉండి, ఎవరైనను ఉపయోగించుకొనుటకు, మార్చుకొనుటకు, పంచుకొనుటకు అనుమతి గల సర్వరు సాఫ్టువేరు. అపాచీ వెబ్ సర్వరు, పోస్ట్‌గ్రెస్ డేటాబేసు, గ్రంథాలయములకు ఉపయోగపడు కోహా, న్యూజెన్‌లిబ్ ఇందుకు ఉదాహరణలు. వీటిని పొందుటకు రుసుము చెల్లించనవసరము లేదు. కానీ ఒకే సాఫ్టువేరు విండోస్, లినక్సు, మాక్ వంటి వేర్వేరు నిర్వహణ వ్యవస్థలపై సక్రమముగా పనిచేయవలెనన్నచో దానిని ప్రతి వ్యవస్థపైనా పరీక్షించుచు, సరిదిద్దుచు ఉండవలెను. ఈ నిరంతర శ్రమకయ్యే ఖర్చునే పోషణ వ్యయము అందురు. ఈ వ్యయమును ఎవరు భరించవలెననునది 2020 దశకములో ప్రభుత్వ కార్యాలయములు, విద్యాసంస్థలు, చిన్న గ్రంథాలయములు ఎదుర్కొనుచున్న ముఖ్యమైన ప్రశ్నలలో ఒకటి. హైదరాబాదులో తయారైన న్యూజెన్‌లిబ్ దీనికి తెలుగునాట చక్కని దృష్టాంతము.

నేపథ్యం

భారత ప్రభుత్వము 2015లో ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు వినియోగముపై ఒక విధానమును ప్రకటించినది. కేంద్ర ప్రభుత్వ ఇ-పరిపాలన ప్రాజెక్టులలో ఓపెన్ సోర్స్ సాఫ్టువేరుకు ప్రాధాన్యమివ్వవలెనని దాని సారాంశము. అంతకు ముందే 2007లో సి-డాక్ సంస్థ డెబియన్ లినక్సు ఆధారముగా బాస్ అను నిర్వహణ వ్యవస్థను విడుదల చేసినది. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు స్వేచ్ఛ అను సంస్థ కూడా డెబియన్ ఆధారముగానే తెలుగులో కనిపించు నిర్వహణ వ్యవస్థను రూపొందించినది.

ఈ ప్రయత్నములన్నిటి వెనుక ఉన్న ముఖ్య కారణములలో ఖర్చు తగ్గించుట ఒకటి. లైసెన్సు రుసుము లేకపోవుట నిజముగా పెద్ద ఆదాయే. అయితే సాఫ్టువేరుపై పెట్టు మొత్తము ఖర్చులో లైసెన్సు ఒక భాగము మాత్రమే. ప్రతిష్ఠాపన, శిక్షణ, మరమ్మతు, భద్రతా సవరణలు, పాత సమాచారమును కొత్త సంస్కరణకు మార్చుట మొదలైనవి మిగిలిన భాగములు. సాఫ్టువేరు ఎక్కువ నిర్వహణ వ్యవస్థలపై నడువవలసిన కొలది ఈ మిగిలిన భాగములు పెరుగుచుండును.

వ్యయమునకు సాంకేతిక కారణములు

వినియోగదారునికి సాఫ్టువేరు ఒకటిగానే కనిపించినను, దాని క్రింద ఉన్న నిర్వహణ వ్యవస్థలు ఒకే పనిని వేర్వేరు విధములుగా చేయును. వాటిలో ముఖ్యమైనవి:

* ఫైళ్ళ పేర్లు: లినక్సులో ఆంగ్ల అక్షరముల పెద్దబడి, చిన్నబడి వేర్వేరుగా పరిగణింపబడును. విండోస్‌లో సాధారణముగా రెండూ ఒకటే. లినక్సులో రెండు ఫైళ్ళుగా ఉన్నవి విండోస్‌లోనికి వచ్చునప్పటికి ఒకదానిపై ఒకటి పడి, మొదటిది చెరిగిపోవు ప్రమాదము కలదు.
* ఫైళ్ళ తొలగింపు: లినక్సులో ఒక ప్రోగ్రాము చదువుచున్న ఫైలును కూడా తొలగించవచ్చును. విండోస్ సాధారణముగా అందుకు అంగీకరించదు. అందువలన సర్వరు నడుచుచుండగా దానిని నవీకరించు పద్ధతి రెంటిలోను ఒకటి కాదు.
* కొత్త పనుల ప్రారంభం: యునిక్సు కుటుంబమునకు చెందిన వ్యవస్థలలో నడుచుచున్న ప్రోగ్రాము తన ప్రతిని తానే సృష్టించుకొనగలదు. విండోస్‌లో ప్రతి ప్రక్రియను క్రొత్తగా మొదలు పెట్టవలెను. వేలకొలది వినియోగదారులకు ఒకేసారి సేవలందించు సర్వరు సాఫ్టువేరు నిర్మాణమే ఈ భేదముపై ఆధారపడియుండును.
* నెట్‌వర్కు నిర్వహణ: ఒకేసారి వేల అనుసంధానములను కనిపెట్టి చూచుటకు లినక్సులో ఇపోల్, బిఎస్‌డి, మాక్ వ్యవస్థలలో కెక్యూ, విండోస్‌లో కంప్లీషన్ పోర్టులు అను వేర్వేరు యంత్రాంగములు ఉన్నవి.
* సేవల ప్రారంభం: కంప్యూటరు వెలిగించగానే సర్వరు దానంతటదే మొదలగుటకు లినక్సులో సిస్టమ్‌డి, విండోస్‌లో సర్వీసులు, మాక్‌లో లాంచ్‌డి వంటి వేర్వేరు ఏర్పాట్లు చేయవలెను.

ఎన్‌జినెక్స్ అను ప్రసిద్ధ వెబ్ సర్వరు ఈ భేదములకు మంచి ఉదాహరణ. దాని విండోస్ రూపము ఇప్పటికిని పరీక్షా దశలోనే ఉన్నట్లుగా పరిగణించవలెనని, అధిక సామర్థ్యమును ఆశించరాదని దాని తయారీదారులే తమ పత్రములలో స్పష్టముగా వ్రాసియున్నారు. పని చేయుట వేరు, పెద్ద భారమును మోయగలుగుట వేరు.

తెలుగు లిపికి సంబంధించిన చిక్కులు

నిర్వహణ వ్యవస్థల మధ్య భేదములు ఆంగ్ల సమాచారము కన్న తెలుగు సమాచారమును ఎక్కువగా ఇబ్బంది పెట్టును. ఇందుకు రెండు ఉదాహరణలు చెప్పుకొనవచ్చును.

మొదటిది ఐత్వము. యూనికోడ్‌లో ఐత్వపు గుర్తును రెండు విధములుగా నిక్షిప్తము చేయవచ్చును. ఒకే సంకేతముగా వ్రాయుట ఒక పద్ధతి. ఎత్వమును, దాని క్రింద వచ్చు ఐత్వపు గుర్తును విడివిడిగా రెండు సంకేతములుగా వ్రాయుట రెండవ పద్ధతి. యూనికోడ్ నియమముల ప్రకారము రెండును సమానములే, తెరపై రెండును ఒకే విధముగా కనిపించును. యుటిఎఫ్-8 పద్ధతిలో మొదటి దానికి 3 బైట్లు, రెండవ దానికి 6 బైట్లు పట్టును. మాక్ కంప్యూటర్లలో పూర్వము వాడుకలో ఉన్న హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైలు వ్యవస్థ పేర్లను విడదీసి భద్రపరచెడిది. లినక్సు ఇచ్చిన పేరును ఇచ్చినట్లే ఉంచును. కనుక మాక్‌లో "రైతు" అను పేరుతో భద్రపరచి లినక్సు సర్వరుకు పంపిన ఫైలును, అదే పేరు టైపు చేసి వెదకినచో దొరకకపోవచ్చును. కంటికి కనిపించు పేరు ఒకటే, యంత్రమునకు మాత్రము అవి రెండు వేర్వేరు పేర్లు.

రెండవది అకారాది క్రమము. డేటాబేసులో సూచిక నిఘంటువు వలె ఒక వరుస ప్రకారము అమర్చబడును. ఆ వరుసను పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసులు చాలాకాలము నిర్వహణ వ్యవస్థ నుండియే గ్రహించినవి. లినక్సులో ఆ నియమములను ఇచ్చు జిలిబ్‌సి లైబ్రరీ 2018 ఆగస్టులో వెలువడిన 2.28 సంస్కరణలో తన వరుస నియమములను పెద్ద ఎత్తున మార్చినది. డెబియన్ 9 నుండి 10కి, రెడ్ హ్యాట్ 7 నుండి 8కి మారిన సర్వర్లలో పాత నియమముల ప్రకారము కట్టిన సూచికలను కొత్త నియమముల ప్రకారము వెదకుట మొదలైనది. ఫలితముగా ఉన్న సమాచారమే లేనట్లు చూపుట, ఒకే పేరు రెండుసార్లు నమోదగుట వంటి లోపములు సంభవించుటకు అవకాశము ఏర్పడినది. సూచికలను తిరిగి నిర్మించుట ఒక్కటే దీనికి పరిహారము. పోస్ట్‌గ్రెస్ 2017లో విడుదలైన 10వ సంస్కరణ నుండి ఐసియు అను స్వతంత్ర లైబ్రరీని వాడుకొనుటకు వీలు కల్పించినది. 2024లో వచ్చిన 17వ సంస్కరణలో నిర్వహణ వ్యవస్థపై ఆధారపడని స్వంత వరుసను కూడా చేర్చినది.

ఒక గ్రంథాలయమునకు ఇది చిన్న విషయము కాదు. అలమరలో పుస్తకము ఉండి, పట్టికలో లేదని వచ్చినచో పాఠకుడు వట్టిచేతులతో తిరిగి వెళ్ళును. తప్పు నిర్వహణ వ్యవస్థ మార్పులో జరిగినదని గ్రంథపాలకునికి తోచు అవకాశము తక్కువ.

పరీక్షల లెక్క

వ్యయము ఏ విధముగా పెరుగునో ఒక ఊహాత్మక లెక్క ద్వారా గ్రహించవచ్చును. ఒక సర్వరు సాఫ్టువేరు విండోస్, డెబియన్, రెడ్ హ్యాట్ అను 3 వ్యవస్థలపై నడువవలెననుకొందము. ఒక్కొక్క దానిలో వాడుకలో ఉన్న సంస్కరణలు 2 చొప్పున మొత్తము 6. వాటిపై 3 డేటాబేసు సంస్కరణలు ఉండవచ్చును, అప్పుడు 18. జావా సంస్కరణలు 2 అయినచో 36. అనగా సోర్సు కోడులో చేసిన ప్రతి మార్పును 36 విధములుగా పరీక్షించవలెను. ఒక్కొక్క పరీక్షకు 20 నిమిషములు పట్టినచో మొత్తము 720 నిమిషములు, అనగా 12 గంటల యంత్ర సమయము.

గిట్‌హబ్ సంస్థ 2025 వరకు అమలుపరచిన ధరల ప్రకారము పరీక్షా యంత్రమునకు నిమిషమునకు లినక్సుపై 0.008, విండోస్‌పై 0.016, మాక్‌పై 0.08 డాలర్లు చెల్లించవలసియుండెను. పై లెక్కలో లినక్సుకు 480 నిమిషములు, విండోస్‌కు 240 నిమిషములు. రెంటికిని విడివిడిగా 3.84 డాలర్లు, మొత్తము 7.68 డాలర్లు. నెలకు 100 మార్పులు జరిగినచో 768 డాలర్లు. విండోస్ పరీక్షలు లినక్సు పరీక్షలలో సగమే అయినను ఖర్చు సమానముగా ఉండుట గమనించదగినది. బహిరంగముగా ఉన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఈ సేవ ఉచితము. అయినను ఖర్చు లేదని కాదు, దానిని ఆ సంస్థ భరించుచున్నదని అర్థము.

యంత్ర సమయము కన్న మనుషుల సమయము ఎక్కువ విలువైనది. 36 పరీక్షలలో ఒకటి విఫలమైనపుడు కారణము వెదకుటకు ఆ వ్యవస్థ తెలిసిన నిపుణుడు కావలెను. స్వచ్ఛంద కార్యకర్తలలో ఎక్కువ మంది తాము వాడు వ్యవస్థపైనే పనిచేయుదురు. తక్కువ మంది వాడు వ్యవస్థకు నిపుణులు దొరకుట కష్టము.

హైదరాబాదు దృష్టాంతము: న్యూజెన్‌లిబ్

న్యూజెన్‌లిబ్ గ్రంథాలయ నిర్వహణకు ఉద్దేశింపబడిన సమగ్ర సాఫ్టువేరు. దీనిని హైదరాబాదుకు చెందిన వెరుస్ సొల్యూషన్స్ సంస్థ రూపొందించినది. గ్రంథాలయ శాస్త్ర సంబంధమైన పరిజ్ఞానమును హైదరాబాదులోని కేశవన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ అండ్ నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ సమకూర్చినది. మొదటి సంస్కరణ 2005 మార్చిలో విడుదలైనది. 2008 జనవరి 9న దీనిని గ్నూ జిపిఎల్ లైసెన్సు క్రింద ఓపెన్ సోర్స్‌గా ప్రకటించిరి.

దీని నిర్మాతలు జావా భాషను, పోస్ట్‌గ్రెస్ డేటాబేసును ఎన్నుకొనిరి. ఒకసారి వ్రాసిన ప్రోగ్రాము ఏ వ్యవస్థపైనైనను నడుచుననునది జావా ప్రధానాకర్షణ. అందువలన విండోస్, లినక్సు రెంటికిని న్యూజెన్‌లిబ్ లభ్యమైనది. యూనికోడ్ ఆధారముగా తెలుగుతో సహా ఏ భాషలోనైనను పుస్తకముల వివరములను నమోదు చేయుటకు వీలు కలిగినది. కంప్యూటర్లన్నీ విండోస్‌తోనే వచ్చిన కళాశాలకు, లినక్సు తెలిసిన వారున్న విశ్వవిద్యాలయమునకు ఒకే సాఫ్టువేరు సరిపోవుట ఆ కాలములో పెద్ద సౌకర్యము.

అయితే జావా ఈ ఖర్చును తొలగించలేదు, ఒక చోటు నుండి మరొక చోటుకు మార్చినది. నిర్వహణ వ్యవస్థల భేదములను భరించు బాధ్యత సాఫ్టువేరు నిర్మాతల నుండి జావా తయారీదారులకు బదిలీ అయినది. న్యూజెన్‌లిబ్‌లో సిబ్బంది వాడు విభాగములు జావా వెబ్ స్టార్ట్ అను పద్ధతి ద్వారా నడుచునట్లు ఏర్పాటు చేయబడినవి. ఒరాకిల్ సంస్థ 2018 సెప్టెంబరులో విడుదల చేసిన జావా 11 నుండి వెబ్ స్టార్ట్‌ను తొలగించినది. వాణిజ్య అవసరములకు జావా 8 ఉచిత నవీకరణలు 2019 జనవరితో ముగిసినవి. వెబ్ స్టార్ట్‌పై ఆధారపడిన ప్రతి సాఫ్టువేరు ముందు రెండు మార్గములు మిగిలినవి: పాత జావాతోనే కాలము గడుపుట, లేదా ఆ విభాగములను తిరిగి వ్రాయుట. మొదటిది భద్రతకు ముప్పు, రెండవది ఖర్చుతో కూడినది.

నిర్మాతలు తమ సోర్సు కోడులో ఒక్క అక్షరము మార్చకపోయినను, క్రింది పునాది కదలినందువలన వ్యయము పుట్టుకొని వచ్చుట ఈ దృష్టాంతము నుండి తెలియవచ్చుచున్నది.

మరొక మార్గము: కోహా

కోహాను న్యూజీలాండులోని హోరోవెనువా గ్రంథాలయ సంస్థ కొరకు కాటిపో కమ్యూనికేషన్స్ సంస్థ నిర్మించినది. 2000 జనవరిలో ఇది వాడుకలోనికి వచ్చినది. కోహా అనగా మావోరి భాషలో కానుక. దీనిని పెర్ల్ భాషలో వ్రాసిరి. ప్రారంభ దశలో విండోస్‌పై కూడా నడుపు ప్రయత్నములు జరిగినను, తరువాత ఆ మార్గమును విడిచిపెట్టి లినక్సుకే, ముఖ్యముగా డెబియన్, ఉబుంటు పంపిణీలకే పరిమితమైరి.

ఈ నిర్ణయము వలన నిర్మాతల శ్రమ తగ్గినది, ప్రతిష్ఠాపన పద్ధతి ఒకటే అయినది, లోపములను కనుగొనుట సులభమైనది. కానీ ఖర్చు అంతరించలేదు. లినక్సు నేర్చుకొను బాధ్యత గ్రంథపాలకునిపై పడినది. భారతదేశములో కోహాపై జరుగు శిక్షణా తరగతులలో మొదటి పాఠము గ్రంథాలయమును గురించి కాక లినక్సును గురించి ఉండుటకు కారణమిదియే.

రెండు మార్గములను పోల్చినచో, న్యూజెన్‌లిబ్ మార్గములో ఖర్చును నిర్మాత భరించును, కోహా మార్గములో వినియోగదారుడు భరించును.

ఇతర ప్రాజెక్టుల నిర్ణయములు

ఈ సమస్యను ప్రసిద్ధ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు వేర్వేరు విధములుగా పరిష్కరించుకొన్నవి.

* అపాచీ: 1998లో వచ్చిన 1.3 సంస్కరణ విండోస్‌పై కూడా నడిచినది. 2002లో వచ్చిన 2.0 సంస్కరణలో వ్యవస్థల భేదములన్నిటిని అపాచీ పోర్టబుల్ రన్‌టైమ్ అను ప్రత్యేక లైబ్రరీలోనికి చేర్చిరి.
* పోస్ట్‌గ్రెస్: 2005 జనవరిలో విడుదలైన 8.0 సంస్కరణతో విండోస్‌పై నేరుగా నడుచుట ఆరంభమైనది. వేర్వేరు వ్యవస్థలు గల స్వచ్ఛంద కార్యకర్తలు తమ కంప్యూటర్లలో పరీక్షలు జరిపి ఫలితములను పంపు బిల్డ్ ఫార్మ్ అను ఏర్పాటు దీనికి కలదు. 2024లో వెలువడిన 17వ సంస్కరణలో ఐబిఎం వారి ఎఐఎక్స్ వ్యవస్థకు మద్దతును తొలగించిరి.
* పిహెచ్‌పి: మైక్రోసాఫ్ట్ సంస్థ 8.0 సంస్కరణ మొదలుకొని పిహెచ్‌పి విండోస్ రూపమునకు తాము తోడ్పడబోమని 2020 జూలైలో తెలిపినది. ఆ భారము పిహెచ్‌పి సమాజముపై పడినది.
* రెడిస్: దీనికి అధికారికమైన విండోస్ రూపము లేదు. మైక్రోసాఫ్ట్ వారి విభాగమొకటి తయారు చేసిన విండోస్ ప్రతి 2016 తరువాత ముందుకు సాగలేదు.
* వికీమీడియా: వికీపీడియాను నడుపు ఈ సంస్థ 2008లో తన సుమారు 400 సర్వర్లను రెడ్ హ్యాట్, ఫెడోరా సంస్కరణల మిశ్రమము నుండి ఉబుంటుకు మార్చినది. నిర్వహణను సులభతరము చేయుట దీని ఉద్దేశ్యము. తరువాతి కాలములో డెబియన్‌కు మారినది.

వికీమీడియా ఉదాహరణలో అన్నియు లినక్సు రకములే అయినను వైవిధ్యము ఖర్చునకు కారణమైనది. కావున ఈ సమస్య విండోస్, లినక్సుల మధ్య పోటీగా మాత్రమే చూడదగినది కాదు.

భద్రతతో సంబంధము

2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అను తీవ్రమైన లోపము బయటపడినది. అంతర్జాలములో రహస్య సమాచారమునకు రక్షణ కల్పించు ఈ లైబ్రరీకి అప్పటి వరకు ఏడాదికి సుమారు 2,000 డాలర్ల విరాళములు మాత్రమే వచ్చుచుండెడివి. ఆ నెలలోనే ఓపెన్‌బిఎస్‌డి నిర్మాతలు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ నుండి లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ అను శాఖను ఆరంభించి, మొదటి వారములోనే సుమారు 90,000 పంక్తుల కోడును తొలగించిరి. వాడుక తప్పిన పాత నిర్వహణ వ్యవస్థల కొరకు నిలిపియుంచిన భాగములు అందులో అనేకము. ఎవరును పరీక్షించని కోడు లోపములకు ఆశ్రయమగునని వారి వాదము.

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అను కుదింపు సాఫ్టువేరు 5.6.0, 5.6.1 సంస్కరణలలో ఒక దొంగదారి బయటపడినది. పోస్ట్‌గ్రెస్ నిర్మాతలలో ఒకరైన ఆండ్రెస్ ఫ్రాయిండ్, సర్వరులోనికి ప్రవేశించుటకు సుమారు అర సెకను ఆలస్యమగుటను గమనించి కారణము శోధించగా ఇది వెల్లడైనది. వేర్వేరు వ్యవస్థలకు అనువుగా సాఫ్టువేరును నిర్మించుటకు వాడు సుదీర్ఘమైన సహాయక ఆదేశముల మధ్య ఈ దొంగదారికి తెరతీయు పంక్తులు దాచబడినవి. అట్టి ఆదేశములను శ్రద్ధగా చదువువారు అరుదు. అనేక వ్యవస్థలకు తోడ్పడుటకై పెంచిన సంక్లిష్టత మోసమునకు మరుగైనది. ఆ సాఫ్టువేరును చాలాకాలము ప్రధానముగా ఒక్క స్వచ్ఛంద కార్యకర్తయే పోషించుచుండుట ఇచట గుర్తుంచుకొనవలసిన విషయము.

ఆయుఃప్రమాణము

ప్రతి నిర్వహణ వ్యవస్థకు ఒక గడువు కలదు. గడువు తీరిన తరువాత భద్రతా సవరణలు రావు. ఉచితముగా లభించు సెంటాస్ లినక్సును అనేక సంస్థలు సర్వర్లకు వాడెడివి. దాని 8వ సంస్కరణ 2029 వరకు కొనసాగునని భావింపబడగా, 2020 డిసెంబరు 8న చేసిన ప్రకటన ప్రకారము అది 2021 డిసెంబరు 31తోనే ముగిసినది. 7వ సంస్కరణ 2024 జూన్ 30తో ముగిసినది. ఆ స్థానమును పూరించుటకు 2021లో ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ ఆరంభమైనవి. విండోస్ 10 సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. చిన్న సంస్థలలో మామూలు కంప్యూటరునే సర్వరుగా వాడుట పరిపాటి కనుక దీని ప్రభావము సర్వర్లపై కూడా కలదు.

సాఫ్టువేరు నిర్మాతలకు ప్రతి గడువును ఒక కొత్త పని మొదలగు తేదీగా లెక్కించవలెను. వినియోగదారులకు అది వలస వెళ్ళవలసిన తేదీ.

పాలంపేట వంటి గ్రామములకు వర్తింపు

పాలంపేట ములుగు జిల్లా, వెంకటాపూర్ మండలములోని గ్రామము. 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండెను. ఆ పిదప జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019 ఫిబ్రవరిలో ఏర్పడిన ములుగు జిల్లాలో భాగమైనది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఇచ్చట నిర్మింపజేసిన రుద్రేశ్వరాలయము రామప్ప దేవాలయముగా ప్రసిద్ధి చెందినది. 2021 జూలై 25న దీనిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిరి. దేవాలయమునకు సమీపమున ఉన్న రామప్ప చెరువు నేటికిని పొలములకు నీరందించుచున్నది.

ఇటువంటి గ్రామములోని పాఠశాల తన గ్రంథాలయ పట్టికను కంప్యూటరులో నడుపదలచినచో మూడు మార్గములు ఉన్నవి. ఉన్న విండోస్ కంప్యూటరుపైననే నడుచు సాఫ్టువేరును ఎన్నుకొనుట మొదటిది. లినక్సును ప్రతిష్ఠించి కోహా వంటి దానిని వాడుట రెండవది. జిల్లా స్థాయిలోనో, రాష్ట్ర స్థాయిలోనో ఒక సర్వరును నెలకొల్పి, గ్రామము నుండి విహరిణి ద్వారా మాత్రమే దానిని చేరుట మూడవది. మొదటి మార్గములో ఆరంభము సులభము, పోషణ కష్టము. రెండవ దానిలో నేర్చిన ఉపాధ్యాయుడు బదిలీ అయినచో సర్వరు దిక్కులేనిదగును. మూడవ మార్గములో నిపుణుల బృందము ఒక్కటే చాలును, గ్రామములో ఏ నిర్వహణ వ్యవస్థ ఉన్నను ఇబ్బంది లేదు. కానీ అంతర్జాల అనుసంధానము నిలకడగా ఉండవలెను.

గ్రంథాలయముల పోషణకు చట్టబద్ధమైన ఆదాయ మార్గము తెలుగు రాష్ట్రములలో ముందే కలదు. 1960 నాటి పౌర గ్రంథాలయముల చట్టము క్రింద ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. పుస్తకములు, భవనములు, సిబ్బందితో పాటు సాఫ్టువేరు పోషణను కూడా ఒక స్థిరమైన పద్దుగా చూపనిచో, ఉచితముగా వచ్చిన సాఫ్టువేరు కొద్ది సంవత్సరములలోనే మూలపడును.

ఈ విషయములో చెరువు మంచి పోలిక. కాకతీయుల కాలపు చెరువులు శతాబ్దములు నిలుచుటకు వాటిని త్రవ్వించిన వారి దాతృత్వము ఒక్కటే కారణము కాదు. తూములను తెరచి మూయుటకు, కట్టను కనిపెట్టి చూచుటకు నీరటి ఉండెడివాడు, అతనికి ప్రతిఫలముగా గ్రామము ధాన్యమో, భూమియో ఇచ్చెడిది. ఆ ఏర్పాటు సడలిన చోట్ల చెరువులు పూడిపోయినవి. వాటిని పునరుద్ధరించుటకు తెలంగాణ ప్రభుత్వము 2015లో మిషన్ కాకతీయను చేపట్టవలసివచ్చినది. ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు కూడా ఊరందరిదైన చెరువు వంటిదే. నీరు ఉచితమే గాని, నీరటికి మాత్రము జీతము ఉండవలెను.

వాదములు, ప్రతివాదములు

అనేక వ్యవస్థలకు మద్దతు ఉండవలెనను వారి వాదములు:

* వినియోగదారుడు తనకు తెలిసిన వ్యవస్థపైనే ప్రారంభించగలడు. లినక్సు నేర్చుకొనిన తరువాతనే ప్రవేశము అనుట చిన్న సంస్థలను దూరము చేయును.
* ఒకే వ్యవస్థపై ఆధారపడుట ప్రమాదకరము. సెంటాస్ వలె ఆ వ్యవస్థ హఠాత్తుగా ముగిసినచో పోవుటకు మరొక చోటు ఉండవలెను.
* ఒక వ్యవస్థపై కనిపించని లోపములు మరొక దానిపై బయటపడును.

కొద్ది వ్యవస్థలకే పరిమితము కావలెనను వారి వాదములు:

* స్వచ్ఛంద కార్యకర్తల సమయము పరిమితము. దానిని మెరుగుదలకు వినియోగించవలెను గాని కొద్దిమంది వాడు వ్యవస్థకు కాదు.
* పరీక్షింపబడని మద్దతు అసలు మద్దతు లేకపోవుట కన్న హానికరము.
* ఒక వ్యవస్థను అమ్మి లాభము పొందు సంస్థయే దానిపై ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు నడుచుటకు అగు ఖర్చును భరించుట న్యాయము.

రెండు పక్షములలోను సత్యము కలదు. మద్దతు ఉన్నదని ప్రకటించి పోషించకుండుట మాత్రము ఉభయులకును అంగీకారము కాదు.

వ్యయమును తగ్గించు మార్గములు

2013లో డాకర్ రాకతో కంటైనర్ల వాడుక విస్తరించినది. సాఫ్టువేరును దానికి కావలసిన లైబ్రరీలతో సహా ఒక పెట్టెలో అమర్చి ఎక్కడనైనను నడుపుట దీని సూత్రము. మైక్రోసాఫ్ట్ సంస్థ 2016లో విండోస్‌లోనే లినక్సు ప్రోగ్రాములను నడుపు డబ్ల్యుఎస్‌ఎల్‌ను ప్రవేశపెట్టినది. వీటి వలన విండోస్ కొరకు ప్రత్యేక రూపమును తయారు చేయవలసిన అవసరము తగ్గినది. అయితే పెట్టెలోని లైబ్రరీలను కూడా నవీకరించుచుండవలెను. కట్టిన నాడు భద్రముగా ఉన్న పెట్టె రెండేళ్ళ తరువాత భద్రముగా ఉండునను హామీ లేదు.

కొన్ని ప్రాజెక్టులు మద్దతును అంచెలుగా విభజించుచున్నవి. మొదటి అంచెలోని వ్యవస్థలపై ప్రతి మార్పును పరీక్షింతురు. రెండవ అంచెలోని వాటిపై విడుదలకు ముందు మాత్రమే పరీక్షింతురు. మూడవ అంచె వినియోగదారుల బాధ్యత. ఈ పట్టికను బహిరంగముగా ప్రకటించుట వలన ఎన్నుకొనువారికి ముందే తెలియును.

ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 10న అమలులోనికి తెచ్చిన సైబర్ రెసిలియెన్స్ చట్టము డిజిటల్ వస్తువులను అమ్మువారిపై భద్రతా బాధ్యతలను మోపినది. అందలి ముఖ్య నిబంధనలు 2027 డిసెంబరు 11 నుండి వర్తించును. ఓపెన్ సోర్స్ సాఫ్టువేరును పోషించు సంస్థలకు అందులో ప్రత్యేకమైన, తేలికైన బాధ్యతలు ఏర్పరచబడినవి. లాభము పొందువారు పోషణలో పాలుపంచుకొనవలెనను భావన చట్టరూపము ధరించుటకు ఇది ఒక ఉదాహరణ.

సంస్థలు సాఫ్టువేరును ఎన్నుకొనునప్పుడు ధరతో పాటు గమనించదగిన అంశములు: తమ నిర్వహణ వ్యవస్థ ఆ ప్రాజెక్టు మొదటి అంచెలో ఉన్నదా, ఆ వ్యవస్థ గడువు ఎప్పటితో తీరును, తెలుగు సమాచారమును మరొక వ్యవస్థకు తరలించి సరిచూచిరా, పోషణకు ఏటా ఎంత మొత్తము కేటాయించగలరు. వీటికి సమాధానము దొరికిన తరువాతనే ఉచిత సాఫ్టువేరు నిజమైన ఖరీదు తెలియును.

ఇవి కూడా చూడండి

* న్యూజెన్‌లిబ్
* కోహా
* పోస్ట్‌గ్రెస్
* లినక్సు
* యూనికోడ్
* స్వేచ్ఛ
* పాలంపేట
* రామప్ప దేవాలయము